జెస్ట్‌లో ఫంక్షన్లను పోల్చడం: ఏళ్ల తరబడి వాడాక

రియాక్ట్ ప్రాజెక్టుల్లో జెస్ట్ అనే జావాస్క్రిప్ట్ టెస్టింగ్ టూల్‌తో పని చేయడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. దాని మీద నాకున్న చిరాకులో సగం ఫంక్షన్ల దగ్గరే వస్తుంది.

మామూలు ఆబ్జెక్టులతో, రెండు విలువలను పోల్చే టుఈక్వల్ పేచీ పెట్టదు. లోపలి విలువలు కలిస్తే పాస్. ఆ ఆబ్జెక్టులో ఆన్‌క్లిక్ లాంటి ఒక ఫంక్షన్ చేరిందా, అంతే సంగతులు. రెండు వైపులా అక్షరం పొల్లుపోకుండా ఒకే ఆరో ఫంక్షన్ రాసినా ఫెయిల్! పైగా రెండూ ఒకే స్ట్రింగ్‌గా సీరియలైజ్ అవుతున్నాయని (టెక్స్ట్‌గా రాస్తే ఒకేలా ఉన్నాయని) చెబుతుంది తప్ప తేడా ఎక్కడుందో చెప్పదు. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు దీని ముందు బుర్ర గోక్కుంటూ కూర్చుంటారు. ఈ మెసేజ్‌కి మాత్రం మార్కులు కోస్తాను.

ఫెయిల్ చేయడం న్యాయమే. ఒకే కోడ్ నుంచి పుట్టిన రెండు ఫంక్షన్లలో ఒకదాని క్లోజర్‌లో (పుట్టిన చోటి నుంచి వెంట తెచ్చుకున్న విలువల్లో) డిస్కౌంట్ 10, ఇంకోదాంట్లో 20 ఉండొచ్చు. అది బయటికి కనిపించదు. అందుకే జెస్ట్ లాగే చాయ్ అనే టెస్టింగ్ లైబ్రరీ అయినా, నోడ్‌తో వచ్చే అసర్ట్ అయినా రిఫరెన్సే, అంటే రెండూ మెమరీలో ఒకే ఫంక్షనా అన్నదే చూస్తాయి.

కొందరు రెంటికీ టుస్ట్రింగ్ పెట్టి, కోడ్‌ను టెక్స్ట్‌గా మార్చి పోలుస్తారు. వద్దు. కవరేజ్ (టెస్టులు ఏ లైన్లను నడిపాయో చూపే లెక్క) ఆన్ చేస్తే, ఆ లెక్క తీసే ఇస్తాన్‌బుల్ అసలు కోడ్‌లోని ఫంక్షన్లలో కౌంటర్లు దూరుస్తుంది, టెస్టు ఫైలును ముట్టుకోదు. దాంతో లోకల్‌లో పాసైంది సీఐలో (టెస్టులు ఆటోమేటిగ్గా నడిచే సర్వర్‌లో) ఫెయిలవుతుంది. బైండ్ చేసిన (దిస్ ముందే కట్టేసిన) ఫంక్షన్లతో ఇంకా ఘోరం. దేన్ని అడిగినా 'నేటివ్ కోడ్' అనే ఒకే టెక్స్ట్ ఇస్తుంది, అంటే సేవ్, డిలీట్ రెండూ ఒకటే!

'ఏదో ఒక ఫంక్షన్ ఉంటే చాలు' అనే ఎక్స్‌పెక్ట్.ఎనీ(ఫంక్షన్) హాయిగా ఉంటుంది, నేనూ రోజూ వాడతాను. కానీ ఆన్‌సేవ్, ఆన్‌డిలీట్ తారుమారైనా అది కిక్కురుమనదు. డబ్బు, డేటా ముడిపడిన చోట మాక్.కాల్స్ (నకిలీ ఫంక్షన్‌కు వచ్చిన కాల్స్ జాబితా) నుంచి ఆ కాల్‌బ్యాక్‌ను బయటికి లాగి, నిజంగానే పిలిచి, ఏ ఏపీఐకి ఏ ఐడీ వెళ్లిందో చూస్తాను. నాలుగు లైన్లు ఎక్కువవుతాయి, టెన్షన్ తగ్గుతుంది. ఫంక్షన్ అలాగే చేతులు మారాలంతే అన్నప్పుడు ఒకే జెస్ట్.ఎఫ్ఎన్‌ను (నకిలీ ఫంక్షన్‌ను) లోపలికి పంపి, అవతల అదే వచ్చిందా అని టుబీతో చూస్తే చాలు.

స్నాప్‌షాట్లను (అవుట్‌పుట్‌ను ఫైల్లో దాచి తర్వాత పోల్చే పద్ధతిని) మాత్రం ఈ పనికి నమ్మను. మామూలు ఫంక్షన్ ఏదైనా అందులో పేరు కూడా లేకుండా ఒట్టి 'ఫంక్షన్' అనే పడుతుంది. హ్యాండ్లర్ మొత్తం మార్చేసినా డిఫ్‌లో ఒక్క గీత కూడా కనపడదు.