క్యాంపు బాగా చేశారు, ఆ తర్వాతే పట్టించుకోలేదు
మా ఊళ్లో డ్వాక్రా సంఘాలు, ఆశా కార్యకర్తలు, ఒక ఆసుపత్రి కలిసి పెట్టిన క్యాన్సర్ స్క్రీనింగ్ క్యాంపుకి పిన్నిని తీసుకెళ్లాను. 30 దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, మూడూ చూశారు. ఆశా అక్క ముందురోజు ఇంటింటికీ తిరిగి చెప్పబట్టే సిగ్గుపడేవాళ్లు కూడా వచ్చారు, ఇది నిజంగా గొప్ప విషయం. గర్భాశయ పరీక్షంటే పిన్ని భయపడింది కానీ పలచటి ఎసిటిక్ ఆమ్లం రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు, తెల్లమచ్చ కనిపిస్తే పెద్దాసుపత్రికి రాస్తారు, అంతే. పిన్నికి రాశారు. ఎవర్ని కలవాలని అడిగితే సంఘం వాళ్లు ఆసుపత్రిని, ఆసుపత్రి వాళ్లు సంఘాన్ని చూపించారు, మూడు వారాలు టెన్షన్‌తో తిరిగాం. ఎంతమంది వచ్చారో గొప్పగా చెప్పారు, పెద్దాసుపత్రికి రాసినవాళ్లలో ఎంతమంది అక్కడిదాకా చేరారో మాత్రం ఎవరి దగ్గరా లెక్క లేదు. నేనైతే ఆ లెక్క చూసే మార్కులు వేస్తాను. వెళ్లండి, తప్పకుండా, కానీ ఫోన్ నంబరున్న రిఫరల్ చీటీ చేతికొచ్చేదాకా కదలకండి.