లింపోపోలో కోతుల పునరావాస సేవ: చాలాకాలం పనిచేశాక నా అంచనా

దక్షిణాఫ్రికా ఉత్తర కొసన ఉన్న లింపోపో రాష్ట్రంలో, తల్లిని పోగొట్టుకున్న వెర్వెట్ కోతిపిల్లలను పెంచి అడవికి పంపే ఒక కేంద్రంలో నెలల తరబడి స్వచ్ఛంద సేవకుడిగా పనిచేశాను. హనుమకొండలో కలిసిన ప్రతివారూ "పిల్లలను ఎత్తుకుని ఆడించావా?" అనే అడుగుతున్నారు. ఎత్తుకునే అవకాశం ఎంత తక్కువగా ఇస్తే ఆ కేంద్రం అంత మంచిదని నా అభిప్రాయం.

అక్కడ పండ్లతోటల యజమానులు కోతులను కాలుస్తారు. మక్క చేనుకు కాపలా కాసిన మన రైతులకు ఆ విసుగు అర్థం కాకపోదు. వాహనాలు, కుక్కలు, కరెంటు తీగలు మరికొన్ని తల్లులను బలిగొంటాయి. ఈనే కాలం అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి ఆ తర్వాతి నెలల్లో కేంద్రం పసికూనలతో నిండిపోతుంది. వాటికి పాలుపట్టే పని అనుభవమున్న సిబ్బందిదే. మాబోటివాళ్లకు దక్కేది తెల్లవారుజాము నుంచి పండ్లు తరగడం, బోన్లు కడగడం, మళ్లీ తరగడం.

ఈ కట్టడికి బలమైన కారణం ఉంది. వెర్వెట్లు చిరుతను చూస్తే ఒక అరుపు, గద్దను చూస్తే మరొకటి, పామును చూస్తే ఇంకొకటి అరుస్తాయని 1980లో వెలువడిన పరిశోధన చూపించింది. ఏ అరుపుకు చెట్టెక్కాలో, ఏ అరుపుకు పొదలో దూరాలో పిల్లకు నేర్పగలిగేది పెద్ద కోతులే గాని మనుషులు కారు. అందుకే పాలు మాన్పించే లోపే పెంపుడు తల్లిగా ఒక ఆడకోతిని చూపించి, అది అంగీకరించాక గుంపులో కలిపి, చివరకు గుంపునంతటినీ ఒకేసారి వదులుతారు.

నా అసంతృప్తి కూడా ఇక్కడే ఉంది. ప్రభుత్వ అనుమతులు రావాలి, చుట్టుపక్కల తుపాకులు లేని నేల దొరకాలి; ఈలోగా సిద్ధమైన గుంపులు బోన్లలోనే ఏళ్లు గడపవచ్చు. ప్రకటనల్లో ఈ మాట కనిపించదు. నేను డబ్బు కట్టిన మధ్యవర్తి సంస్థ అందులో ఎంత కేంద్రానికి చేరిందో అడిగినా చెప్పలేదు, కాబట్టి నేరుగా కేంద్రానికే రాయడం మేలు.

భోజనానికి ఇబ్బంది లేదు. మక్కపిండితో వండే పాప్ మన గట్కకు దగ్గరి చుట్టమే. రేబిస్ టీకాలు, క్షయ పరీక్ష మాత్రం ముందే చేయించుకోవాలి; మన క్షయ కోతులకు సోకుతుంది గనుక ఆ కాగితం అడగని చోటును నేను నమ్మను. సింహపు కూనలకు పాలుపట్టిస్తామనే చోట్లకూ వెళ్లవద్దు. సింహాలను బంధించి పెంచే వ్యాపారాన్ని మాన్పించాలన్న నిపుణుల సంఘం సిఫార్సులను అక్కడి ప్రభుత్వమే 2021లో ఆమోదించింది.

మన నిర్మల్ జిల్లా చించోలి దగ్గర 2020లో ప్రారంభమైన అటవీ శాఖ కేంద్రం దీనికి భిన్నమైనది. అక్కడ ప్రధానంగా పట్టుకొచ్చిన కోతులకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి వదులుతారు. లింపోపో వెళ్లదలచినవారు పిల్లల పని చూడాలంటే డిసెంబరు ప్రాంతంలో వెళ్లాలి. గుంపులు కట్టడం, విడుదల ఏర్పాట్లు చూడాలనుకుంటే ఆ హడావుడి తగ్గాక ఎక్కువ నెలలు ఉండేలా సెలవు పెట్టుకోవాలి. రెండు వారాల సెలవుతో వెళ్తే బోన్లు కడగడమే మిగులుతుంది.