అంటు మొక్క అని చెబితే, అంటు ఎక్కడుందో చూపించమని అడగండి

మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాయంటే మా కాలనీలోకి మొక్కల బండ్లు వరసగా వస్తాయి. మీ వీధిలోకీ వస్తాయి. మిద్దె మీద పండ్ల మొక్కలు పెట్టుకుందామని ఉన్నవాళ్ళు ఆ బండి దగ్గరికి వెళ్ళేముందు నాకు జరిగింది చదవండి. డబ్బు లెక్కలో నాకు పోయింది 1,600 రూపాయలు. నా బాధ దాని గురించి కాదు. నాలుగున్నరేళ్ళు పోయాయి.

2020 జులై. కరోనాతో హైదరాబాదులో గడప దాటని రోజులు. మిద్దె మీద అప్పటికే తోటకూర, వంగ, బెండ పెంచుతున్నాను. పండ్ల మొక్కలు పెట్టాలని ఎప్పటినుంచో కోరిక. 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు తెచ్చి సగానికి కోయిస్తే నాలుగు తొట్లయ్యాయి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, వేపపిండి కలిపి, రెండంతస్తులు బకెట్లతో మోసి నింపుకున్నాం. సరిగ్గా ఆ వారమే టాటా ఏస్ బండి వచ్చింది. "కడియం మొక్కలు, అన్నీ అంటు మొక్కలే, రెండేళ్ళలో కాపు" అని మైకులో ఒకటే పాట.

కడియం, కడియపులంక నర్సరీల పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. ఆ పేరు మీద ఉన్న నమ్మకంతోనే కిందికి దిగాను. ఆ పేరు మైకులో చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. ఆమ్రపాలి మామిడి 500, బత్తాయి 350, సపోటా 400, రెండు కాయలతో ఉన్న జామ 350. బిల్లు అడిగితే "బండి మీద బిల్లులేంటమ్మా, నా నంబరు రాసుకోండి" అన్నాడు. రాసుకున్నాను.

ముందు పోయింది జామ. తెచ్చిన పదో రోజుకి ఆకులు వడిలాయి, కాయలు ముడతలు పడ్డాయి. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని తగ్గించాను, ఎండ ఎక్కువేమో అని నీడకి జరిపాను. మూడు వారాలకి పూర్తిగా ఎండిపోయింది. పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేసింది. వేరన్నది ఒక్కటి లేదు. కాయలున్న కొమ్మని చెట్టునుంచి కోసి తెచ్చి కవర్లో గుచ్చి అమ్మాడు. నంబరుకి ఫోన్ చేస్తే రెండుసార్లు మోగింది, తర్వాత స్విచాఫ్. అప్పుడైనా మిగతా మూడింటిని అనుమానించాల్సింది. అవి పచ్చగా చిగుళ్ళు వేస్తున్నాయి కదా అని ఊరుకున్నాను.

బత్తాయి మాత్రం చాలా బలంగా పెరిగింది. మూడో ఏడు దాటాక పది పన్నెండు కాయలు కాసింది. మా అబ్బాయి రోజూ వెళ్ళి లెక్కపెట్టి వచ్చేవాడు. కాయలు బత్తాయి సైజుకి రాలేదు, చిన్నగానే ఉండి నారింజరంగుకి తిరిగాయి. కోసి నోట్లో పెట్టుకుంటే నిమ్మకాయంత పులుపు. పక్కింటి ఆంటీ వాళ్ళకి నల్గొండ దగ్గర బత్తాయి తోట ఉంది. ఆవిడ ఒక కాయ చేతిలోకి తీసుకుని తొక్క గిల్లి వాసన చూసి, "ఇది బత్తాయి కాదు బిడ్డా, రంగపూర్ నిమ్మ. బత్తాయి కన్ను దీని మీదనే కడతరు. మీది ఆ కన్ను ఎప్పుడో చచ్చిపోయింది, కింది చెట్టే పెరిగింది" అంది.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం జరిగేది ఇక్కడే. అంటు మొక్క అంటే రెండు మొక్కలు ఒకటైనది. కింద వేరు ఉన్న మొక్క ఒకటి, పైన మనకి కావలసిన రకం కొమ్మో, కన్నో (అంటే చిగురు మొలిచే మొగ్గ) ఇంకొకటి. రెండూ అతుక్కున్నచోట గుర్తు ఉంటుంది. పైభాగం చచ్చిపోతే కింది మొక్క తన సొంత చిగుళ్ళు వేసుకుని హాయిగా పెరుగుతుంది. చూడ్డానికి ఆరోగ్యంగా, పచ్చగా ఉంటుంది. అమ్మేవాడికి నష్టం లేదు. కొన్నవాళ్ళకి కాయ వచ్చేదాకా తెలియదు.

ఇక మామిడి. నాలుగేళ్ళు దాటినా పూత లేదు. డ్రమ్ములో కదా, ఆలస్యం అవుతుందిలే అనుకున్నాను. ఎరువులు మార్చాను, నీళ్ళు ఆపి చూశాను, ఎవరేం చెబితే అది పోశాను. 2025 ఫిబ్రవరిలో పెళ్ళికని నూజివీడు వైపునుంచి మా పెద్దమావయ్య వచ్చాడు. చిన్నప్పటినుంచీ మామిడి తోటల్లో పెరిగిన మనిషి. మొక్క దగ్గర కూర్చుని కాండం మీద బొటనవేలితో కిందనుంచి పైకి తడుముకుంటూ వెళ్ళాడు. జానెడు ఎత్తులో ప్లాస్టిక్ పట్టీ కట్టిన మచ్చ ఉంది. దాన్నే నేను అంటు అనుకున్నాను.

"ఏమే అమ్మాయ్, ఇది అంటు కాదే. టెంక మొక్క. ఊరికే పట్టీ చుట్టి అమ్మాడు నీకు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్ళి పూత మొగ్గ కనిపిస్తుందేమోనని చూసిన మొక్క అది.

మావయ్య చెప్పినదాని సారం ఇది. అంటు మామిడి మూడు నాలుగేళ్ళలో కాపుకి వస్తుంది. టెంక నాటి పెంచినది ఆరేడేళ్ళకి తక్కువ కాదు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. పైగా మన బంగినపల్లి, రసాలు, ఆమ్రపాలిలాంటి రకాల టెంక పాతితే తల్లి లక్షణాలతో మొక్క రాదు. ఏ కాయ కాస్తుందో కాసేదాకా తెలియదు. నర్సరీల్లో టెంక మొక్కలు వేలల్లో పెంచుతారు, అంటు కట్టడానికి కింది మొక్కగా. అంటు కట్టని మొక్కకీ కట్టిన మొక్కకీ ధరలో చాలా తేడా ఉంటుంది. ఒక ప్లాస్టిక్ పట్టీ చుడితే ఆ తేడా మొత్తం జేబులోకే.

ఆ రోజు ఆయన చూపించిన పద్ధతి ఇప్పుడు ఏ మొక్క కొన్నా వాడుతున్నాను. మామిడైతే మట్టికి జానెడు పైన వేలితో తడమండి. నిజమైన అంటు దగ్గర కాండం కొద్దిగా ఉబ్బి ఉంటుంది, ఏటవాలుగానో V ఆకారంలోనో మచ్చ ఉంటుంది, దానికి పైన బెరడు రంగు, గరుకు కింది బెరడుకంటే వేరుగా కనిపిస్తాయి. పట్టీ ఇంకా చుట్టి ఉంటే విప్పి చూపించమనండి. బాగా అతుక్కున్న మొక్కకి పట్టీ విప్పితే ఏమీ కాదు. విప్పకపోతేనే కాండం లావెక్కేకొద్దీ అది లోపలికి కోసుకుపోతుంది. "విప్పితే చచ్చిపోతుందండీ" అని అమ్మేవాడు అన్నాడంటే, అది ఇంకా అతుక్కోలేదు, లేదా అసలు అంటు కట్టనేలేదు. రెండింటిలో ఏదైనా ఆ మొక్క మనకొద్దు.

బత్తాయికి చిన్న కన్ను ఒక్కటే కడతారు, కాబట్టి అది మొలిచినచోట కాండం మోకాలిలా వంగి పైకి లేస్తుంది. ఆ వంపు పక్కనే కింది మొక్కని కోసేసిన మోడు మచ్చ ఉండాలి. వంపు లేకుండా నేలనుంచి తిన్నగా వచ్చిన మొక్క నాకు అమ్మినలాంటిదే. జామకి మాత్రం అతుకు వెతక్కండి. జామ ఎక్కువగా గాలి అంట్లే. అంటే కొమ్మ మీద ఉంగరంలా బెరడు తీసి, తడి నాచు పెట్టి కట్టి, వేళ్ళు వచ్చాక కోసి కవర్లో పెట్టిన మొక్కలు. దానికి పరీక్ష వేళ్ళే. కాండం పట్టుకుని మెల్లగా పైకెత్తితే కవరూ మట్టీ కలిసి లేవాలి. కాండం ఒక్కటే కదిలి జారుతోందంటే వదిలేసి వచ్చేయండి. చిన్న కవర్లో చిటికెన వేలంత కొమ్మకి పెద్ద కాయలు వేలాడుతుంటే మరీ జాగ్రత్త. అంత చిన్న మొక్క అంత కాయని మోసి బతకడం కష్టం. నిజంగా వేళ్ళున్న మొక్కయినా సరే, తెచ్చిన మొదటి ఏడు వచ్చిన పూతని గిల్లేయమంటాడు మావయ్య.

నిమ్మ విషయంలో భయం వద్దు. మన పుల్లనిమ్మ విత్తనంనుంచి వచ్చినా చాలావరకు తల్లి చెట్టు లాగానే కాస్తుంది. కాపుకి ఒకటి రెండేళ్ళు ఎక్కువ పడుతుంది, అంతే. విత్తన మొక్క అని చెప్పి, ఆ ధరకే అమ్మితే నిమ్మని నిశ్చింతగా తీసుకోవచ్చు.

సపోటా విషయం వేరు, అది సగం నా తప్పు. అది నిజమైన అంటు మొక్కే. సపోటాని పాల చెట్టు మొక్క మీద కడతారు. అతుకు కిందనుంచి కొమ్మలు వస్తే మొక్క గుబురుగా అవుతోందని సంతోషపడి ఉంచేశాను. ఆ కొమ్మల ఆకులు చిన్నవి, ముదురుపచ్చవి, కొస దగ్గర నొక్కు పడినట్టు ఉన్నాయి. అవి పాల చెట్టు ఆకులు. బలమంతా అవి లాగేసుకుని పైన సపోటా గిడసబారిపోయింది. మావయ్య వాటన్నిటినీ మొదలంటా కోసేశాడు. ఇప్పుడు సపోటా మళ్ళీ తిప్పుకుంది. అతుకు కిందనుంచి ఏ చిగురు వచ్చినా గోటితో గిల్లేయండి, అతుకుని ఎప్పుడూ మట్టిలో పూడ్చకండి. ఈ రెండు మాటలు మొక్క ఇచ్చేటప్పుడే చెప్పే అమ్మకందారు దొరికితే ఆయన్ని వదులుకోవద్దు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి కూడా ఒక మాట. మా స్నేహితురాలు మియాజాకి మామిడి అంటు అని 3,000 పెట్టి తెప్పించుకోబోతుంటే నేనే ఆపాను. మియాజాకి అనేది జపాన్‌లో ఒక ప్రాంతం పేరు. అక్కడ పండించేది ఇర్విన్ అనే ఫ్లోరిడా రకం. లక్షల్లో ధర పలికాయని మనం వార్తల్లో చూసే పండ్లు అక్కడ ప్రత్యేకంగా పెంచి, బరువూ తీపీ రంగూ చూసి ఏరినవి. మొక్క తెచ్చి మన డ్రమ్ములో పెడితే ఆ ధర రాదు. ఆ పేరుతో వచ్చే మొక్కల్లో టెంక మొక్కలు ఎన్నో ఊహించుకోండి. నీలం స్ట్రాబెర్రీ విత్తనాలు, ఏడు రంగుల గులాబీ విత్తనాలు కూడా ఇదే వరస.

మరి ఎక్కడ కొనాలి అంటే, నేనిప్పుడు బండి మీద పూలమొక్కలు తప్ప కొనడం లేదు. పండ్ల మొక్కలకి సంగారెడ్డి, నూజివీడు, అనంతరాజుపేటల్లో ఉద్యాన విశ్వవిద్యాలయాల పరిశోధన స్థానాలు ఉన్నాయి. సిద్దిపేట జిల్లా ములుగులో ప్రభుత్వ ఉద్యాన కేంద్రం ఉంది. ముందుగా ఫోన్ చేసి ఏ రకం ఎప్పుడు ఇస్తారో కనుక్కుని వెళ్ళండి. ప్రైవేటు నర్సరీ అయితే ఉద్యాన శాఖ రిజిస్ట్రేషన్ గానీ, జాతీయ ఉద్యాన బోర్డు గుర్తింపు గానీ ఉందేమో అడగండి. బిల్లు మీద "మొక్క" అని కాకుండా "ఆమ్రపాలి మామిడి అంటు" అని రకం పేరుతో రాయించుకోండి. తేడా వస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయడానికి చేతిలో కాగితం ఉండాలి. నా దగ్గర స్విచాఫ్ అయిన నంబరు తప్ప ఏమీ లేదు.

నాలాగే ఇప్పటికే టెంక మొక్క పెంచేసినవాళ్ళు దాన్ని పీకి పారేయకండి. నేను పీకేయబోతే మావయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. "వేరు బాగుందే, నాలుగేళ్ళు పెంచిన వేరు. దీని మీదే కడదాం" అన్నాడు. మార్చి మొదట్లో కాండాన్ని మోకాలెత్తున కోయించి, కోసినచోట పేడ పూయించాడు. కొత్త కొమ్మలు పొడుచుకొచ్చాయి. వాటిలో నాలుగు ఉంచి మిగతావి తీసేశాను. అక్కడ తన తోటలో చిన్నరసం చెట్టుకి మంచి పుల్లలు ఎంచి, పది రోజుల ముందే ఆకులు కోసి కాడలు మాత్రం ఉంచాడు, కళ్ళు ఉబ్బి సిద్ధంగా ఉంటాయని. జులైలో ఆ పుల్లల్ని తడిగుడ్డలో చుట్టుకుని బస్సులో తెచ్చాడు. నాలుగు కొమ్మలకీ కట్టి, పైన ఐసు పుల్లల కవర్లు తొడిగాడు. రెండు ఎండిపోయాయి. రెండు పట్టాయి.

పట్టిన రెండూ ఇప్పుడు మూరెడు దాటాయి. కిందనుంచి టెంక మొక్క చిగురు ఇంకా వస్తూనే ఉంది, వారానికోసారి వెళ్ళి గిల్లుతున్నాను. 2020లో బండ్ల మీద మామిడి, బత్తాయి కొని ఇంకా కాపు కోసం చూస్తున్నవాళ్ళు మీలో ఉంటే, ఇవాళే మిద్దె ఎక్కి కాండం తడిమి చూడండి. అతుకు దొరక్కపోతే ఈ వానల్లోనే అంటు కట్టించుకోవచ్చు. వానలు పోతే మళ్ళీ ఏడాది ఆగాలి.