అమీర్‌పేట సెంటర్లలో కవర్ లెటర్: ఏది దిద్దించుకోవాలి, ఏది మనమే రాసుకోవాలి

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే, కోచింగ్ బోర్డుల మధ్యలో రెజ్యూమె, కవర్ లెటర్ (రెజ్యూమెతో పాటు పంపే పరిచయ లేఖ), ఎస్‌ఓపీ (పై చదువుల అప్లికేషన్‌కు రాసే వ్యాసం) రాసిపెడతామనే ఫ్లెక్సీలు కనిపిస్తాయి. జిరాక్స్ మెషీన్ పక్కన ఓ కంప్యూటర్ పెట్టుకున్న షాపుల నుంచి, పై అంతస్తులో గది తీసుకుని కెరీర్ సర్వీసెస్ అని నడిపే ఆఫీసుల దాకా చేసేది ఇదే పని. ఇక్కడ సమీక్షిస్తున్నది ఏ ఒక్క షాపునో కాదు, ఈ తరహా సేవను. ఇంటర్న్‌షిప్‌కో మొదటి ఉద్యోగానికో అప్లై చేసే వాళ్లు ఇక్కడ డబ్బు పెట్టొచ్చా? తప్పులు దిద్దించుకోవడానికి, పేజీ సర్దించుకోవడానికి, ప్రింట్‌కి పెట్టొచ్చు. లెటర్ మొత్తం వాళ్లతోనే రాయించుకోవడానికి మాత్రం పెట్టకండి.

కారణం వాళ్లు పనిచేసే తీరులోనే ఉంది. కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న ‘తమ్ముడూ, జావానా, టెస్టింగా?’ అని. జావాకు ఒక ఫైలు, టెస్టింగ్‌కు ఒకటి, ఎంబీఏ హెచ్‌ఆర్‌కు ఇంకొకటి డెస్క్‌టాప్ మీద సిద్ధంగా ఉంటాయి. అందులో పేరు, కాలేజీ, కంపెనీ మార్చి ప్రింట్ ఇస్తారు. చేతి వేగం మెచ్చుకోదగ్గదే. కానీ ఆ లెటర్లో మీ పేరు తీసి క్లాస్‌మేట్ పేరు పెట్టి చూడండి. ఒక్క వాక్యం కూడా తప్పు కాకపోతే, ఆ లెటర్ మీ గురించి ఏమీ చెప్పలేదన్నమాట. హెచ్‌ఆర్ వాళ్లకు ‘ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్’, ‘హార్డ్ వర్కింగ్ అండ్ క్విక్ లర్నర్’ అనే మాటలు పూటకో పదిసార్లు కనిపిస్తాయి. అవి ఉన్న వాక్యాలను కళ్లు దాటేస్తాయి.

పాత ఫైలు మీద రాయడం వల్ల వచ్చే ప్రమాదం ఇంకొకటి. మొదటి పేరాలో కంపెనీ పేరు మారుస్తారు, చివరి పేరాలో పాతది ఉండిపోతుంది. ఒక్కోసారి మగవాళ్ల లెటర్లో ‘హర్’ అని, ఫ్రెషర్ లెటర్లో ‘మై ప్రీవియస్ ఎంప్లాయర్’ అని మిగిలిపోతుంది. తేదీ పాతదే ఉంటుంది. డబ్బు ఇచ్చే ముందు అక్కడే కూర్చుని లెటర్‌ను కింది వాక్యం నుంచి పైకి చదవండి. పై నుంచి చదివితే కన్ను అలవాటుగా జారిపోతుంది, కింది నుంచి చదివితే ఒక్కో వాక్యం దగ్గర ఆగుతుంది. తర్వాత వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో నొక్కి ఆథర్ దగ్గర ఎవరి పేరు ఉందో చూడండి. చాలాసార్లు షాపు పేరో, ఆ ఫైలు మొదట చేయించుకున్న వాళ్ల పేరో ఉంటుంది. పీడీఎఫ్ చేశాక కూడా అది ఫైలు వివరాల్లోకి వెళ్లే అవకాశం ఉంది, కాబట్టి ముందే మార్పించండి.

ఫార్మాటింగ్‌లో ఈ సెంటర్లకు మంచి పట్టుంది, అడగాల్సినవి అడిగితే. ఏ4 సైజు, నాలుగు వైపులా అంగుళం మార్జిన్, 11 పాయింట్ల మామూలు ఫాంట్, ఒక్క పేజీ. అడగకపోతే చుట్టూ బార్డర్, రంగు పట్టీ, మూలన పాస్‌పోర్ట్ ఫొటో, కింద ‘ఐ హియర్‌బై డిక్లేర్’ అన్నీ పెట్టేస్తారు. డిక్లరేషన్ మన దగ్గర బయోడేటాకు అలవాటైన వాక్యం, కవర్ లెటర్లో దానికి పనిలేదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు కూడా వద్దు. మీ పేరు ఎస్‌ఎస్‌సీ మెమోలో ఎలా ఉందో రెజ్యూమెలో, లెటర్లో, లింక్డ్‌ఇన్‌లో అలాగే ఉండాలి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనుక, మరోచోట ఇనీషియల్ మాత్రమే ఉంటే, ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్‌లో వివరణలు రాసుకుంటూ కూర్చోవాలి.

పీడీఎఫ్ ఎలా చేశారన్నదీ ముఖ్యమే. కొన్ని షాపుల్లో ప్రింట్ తీసి, సంతకం పెట్టించి, స్కాన్ చేసి ఆ స్కాన్‌నే పీడీఎఫ్‌గా ఇస్తారు. చూడ్డానికి బాగుంటుంది గానీ అది బొమ్మ. అందులోని అక్షరాలను కంపెనీల అప్లికేషన్ సాఫ్ట్‌వేర్ చదవలేకపోవచ్చు. కాబట్టి పీడీఎఫ్ తెరిచి కంట్రోల్-ఏ, కంట్రోల్-సీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. మాటలు వరసగా వస్తే సరే. ఏమీ రాకపోయినా, రెండు కాలమ్‌ల వాక్యాలు కలగాపులగంగా వచ్చినా వర్డ్ నుంచే నేరుగా పీడీఎఫ్ చేసి ఇమ్మనండి. టేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు తీయించేయండి.

ఇక అసలు విషయానికి వస్తే, సెంటర్‌కు వెళ్లే ముందు నాలుగు ముక్కలు మీరే కాగితం మీద రాసుకోవాలి. అవి లేకుండా వెళితే ఎంత మంచి ఆపరేటర్ అయినా పాత ఫైలే తెరుస్తాడు. తప్పు అతనిది కాదు, మీ గురించి రాయడానికి అతని దగ్గర ఏమీ లేదు.

మొదటిది జేడీ, అంటే ఉద్యోగ వివరాలు చెప్పే కంపెనీ ప్రకటన. దాన్ని పూర్తిగా ప్రింట్ తీసుకుని, తప్పనిసరి అన్న అర్హతల్లో మీకు నిజంగా ఉన్న రెండో మూడో గుర్తు పెట్టుకోండి. ప్రకటనలో పన్నెండు ఉన్నా అన్నిటినీ పట్టుకోవద్దు. అన్నిటికీ ఒక్కో మాట రాస్తే ఏదీ రుజువు కాదు.

రెండోది రుజువు. చాలామంది చతికిలబడేది ఇక్కడే. ‘పైథాన్, ఎస్‌క్యూఎల్ మీద మంచి పట్టుంది’ అనే వాక్యం ఎవరైనా రాయొచ్చు. దాని బదులు, ఉదాహరణకు ఇలా ఉండాలి: ‘కాలేజీ లైబ్రరీ రికార్డులున్న 4,000 వరుసల ఎక్సెల్ షీటును మైఎస్‌క్యూఎల్‌లోకి మార్చాను. డూప్లికేట్‌లు తీసేసి, గడువు దాటిన పుస్తకాల జాబితా ఒకే క్వెరీతో వచ్చేలా చేశాను.’ ఏం సమస్య, ఏం చేశారు, దేనితో చేశారు, చివరికి ఏం మారింది, ఈ నాలుగూ రెండు వాక్యాల్లో వచ్చేశాయి. సంఖ్య లేకపోతే కనిపెట్టొద్దు. ఎన్ని ఫైళ్లు, ఎంతమంది వాడారు, ఎంతసేపు పట్టేది ఎంతకు తగ్గింది అని వెతికితే ఏదో ఒక నిజమైన అంకె దొరుకుతుంది. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టు అయితే మీ వంతు ఏమిటో చెప్పండి. ‘వియ్ డెవలప్డ్’ అని ఆపేస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. ప్రాజెక్టు కొనుక్కొచ్చినదైతే లెటర్లో దాని ఊసెత్తకండి. మీరు చేతులారా చేసిన చిన్న ల్యాబ్ అసైన్‌మెంట్ దానికన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఐటీ కాని వాళ్లకూ ఇదే పద్ధతి. జీనోమ్ వ్యాలీ వైపు ఫార్మా క్యూసీ (నాణ్యత తనిఖీ) ఇంటర్న్‌షిప్‌కు రాసే బీఫార్మసీ విద్యార్థి ‘హెచ్‌పీఎల్‌సీ నాలెడ్జ్ ఉంది’ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి ఇది) అని రాస్తే, ఏ కాలమ్ వాడారు, మొబైల్ ఫేజ్ ఏమిటి, ఫ్లో రేట్ ఎంత, ఏ వేవ్‌లెంగ్త్ దగ్గర చూశారు అని అడుగుతారు. మెషీన్‌ను స్వయంగా నడిపారా, నడుపుతుంటే పక్కన నిలబడి చూశారా అన్నది లెటర్లోనే నిజాయితీగా చెప్పడం మంచిది. ‘అబ్జర్వ్డ్’ అని రాసినంత మాత్రాన ఎవరూ పక్కన పెట్టరు, చేశానని రాసి ఫ్లో రేట్ చెప్పలేకపోతే పెడతారు. బీకామ్ వాళ్లు ‘ట్యాలీ వచ్చు’ అని ఆపకుండా, పర్చేజ్ రిజిస్టర్‌ను జీఎస్‌టీఆర్-2బీతో (సరఫరాదారులు దాఖలు చేసిన వివరాలతో జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే స్టేట్‌మెంట్) సరిచూసి తేడా వచ్చిన ఇన్‌వాయిస్‌లు విడిగా తీశానని రాస్తే, చదివే అకౌంటెంట్‌కు వెంటనే అర్థమవుతుంది. అలా చేసి ఉంటేనే సుమా.

మూడోది ఆ కంపెనీ గురించి ఒక్క నిజం. వెబ్‌సైట్‌లోని ‘అబౌట్ అజ్’ పేజీ నుంచి ఎత్తిన మాట కాదు. టీ-హబ్‌లో (స్టార్టప్‌లకు చోటిచ్చే కేంద్రం) ఉన్న చిన్న స్టార్టప్ అయితే వాళ్ల యాప్ ఫోన్‌లో వేసుకుని వాడి, ఏ పని బాగుంది, ఏ స్క్రీన్ దగ్గర ఆగాల్సి వచ్చింది అని ఒక వాక్యం రాయొచ్చు. పెద్ద కంపెనీ అయితే మీరు చేరాలనుకునే టీమ్ చేసే పని ఏమిటో జేడీలోనే ఉంటుంది, దాన్ని మీ ప్రాజెక్టుకు ముడిపెట్టండి. నాలుగోది తేదీలు. పరీక్షలు ఎప్పుడు ముగుస్తాయి, ఏ తేదీ నుంచి ఎన్ని వారాలు రాగలరు, కాలేజీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇస్తుందా, ఆఫీసుకు రాగలరా. 3-2 (మూడో ఏడాది రెండో సెమిస్టర్) తర్వాత వేసవి ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేసే వాళ్లలో చాలామంది దీన్ని వదిలేస్తారు. ఇద్దరూ సమానంగా ఉంటే తేదీలు స్పష్టంగా చెప్పిన వాళ్లకు ఫోన్ చేయడం హెచ్‌ఆర్‌కు తేలిక.

ఈ నాలుగూ ఉంటే లెటర్ దానంతటదే నిలబడుతుంది. మొదటి పేరాలో పోస్టు పేరు, జాబ్ ఐడీ, మీ బలమైన రుజువు ఒక్కటి. రెండో పేరాలో దాని వివరం. మూడో దాంట్లో ఈ కంపెనీయే ఎందుకు. నాలుగో దాంట్లో తేదీలు, ఫోన్ నంబరు, థాంక్స్. మొత్తం 250 నుంచి 350 ఇంగ్లీషు మాటలు. ‘రెస్పెక్టెడ్ సర్’ బదులు, పేరు తెలిస్తే పేరుతో, తెలియకపోతే ‘డియర్ హైరింగ్ మేనేజర్’ అని మొదలుపెట్టండి. చదివేది మేడమ్ కావచ్చు కదా. మార్కులు తక్కువైనా, బ్యాక్‌లాగ్ ఉన్నా లెటర్లో క్షమాపణలు చెప్పుకోవద్దు. ప్రకటనలో అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి, అడగకపోతే ఆ చోటు రుజువుకు వాడండి.

సెంటర్లు ఇచ్చే లెటర్ ఒకే అచ్చులో ఉంటుంది, పంపాల్సిన చోట్లు మాత్రం వేరువేరు. ఇంటర్న్‌షిప్‌ల వెబ్‌సైట్ ఇంటర్న్‌శాలలో అప్లై చేస్తే అక్కడి బాక్సులో మిమ్మల్ని ఎందుకు తీసుకోవాలి అనే ప్రశ్నకు జవాబు రాయాలి. అక్కడ ‘టు, ద హెచ్‌ఆర్ మేనేజర్’ అని చిరునామాతో సహా పేస్ట్ చేస్తే మొదటి ఐదు లైన్లు వృథా. మెయిల్‌లో పంపేటప్పుడు బాడీని ఖాళీగా వదిలి రెండు ఫైళ్లు జతచేయడం పెద్ద తప్పు. లెటర్‌లోని ముఖ్యమైన నాలుగైదు వాక్యాలు బాడీలోనే ఉండాలి, సబ్జెక్ట్‌లో పోస్టు, జాబ్ ఐడీ, పేరు ఉండాలి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోనో, హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనో రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్‌కు రాసే మెయిల్ ఇంకా చిన్నగా ఉండాలి. వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థమైన ఒక విషయం, దానికి దగ్గరగా మీరు చేసినది రాస్తే చాలు. ఒకే మెయిల్‌ను యాభై మంది ప్రొఫెసర్లకు బీసీసీలో (ఎవరెవరికి వెళ్లిందో కనిపించకుండా) కొట్టే ప్యాకేజీని ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి. బీసీసీ మెయిల్‌లో ‘టు’ దగ్గర వాళ్ల పేరు ఉండదు, చూడగానే తెలిసిపోతుంది.

కొన్నిచోట్ల ‘రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టేద్దామా’ అని కూడా అడుగుతారు. ఆ మాట వినగానే లేచి వచ్చేయండి. కంపెనీలు యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకు ఇచ్చే నంబరు) ద్వారా పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తాయి, రిలీవింగ్ లెటర్ అడుగుతాయి, పాత కంపెనీకి నేరుగా రాస్తాయి. చేరిన నెలల తర్వాత బయటపడినా ఉద్యోగం పోతుంది. పోయేది ఆ పిల్లల ఉద్యోగమే తప్ప, సలహా ఇచ్చిన వాళ్లకు వచ్చే నష్టం లేదు.

సెంటర్‌కు బదులు ఏఐ చాట్‌బాట్ వాడితే? ఖర్చు లేదు, ఇంగ్లీషు తప్పులు తక్కువ. కానీ ‘రాసిపెట్టు’ అని మాత్రమే అడిగితే అదీ పాత ఫైలు లాంటిదే ఇస్తుంది, ‘థ్రిల్డ్ టు అప్లై’ అంటూ మొదలయ్యే లెటర్లు అందరి దగ్గరా ఒకేలా ఉంటాయి. మీ నాలుగు ముక్కలు, జేడీ ఇచ్చి, కొత్తగా ఏదీ చేర్చకుండా 300 మాటలకు కుదించమని అడగండి. మీరు చెప్పని నైపుణ్యం ఏదైనా చేరిందేమో లైను లైనుకూ చూడండి. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో ఒక మేడమో సారో చదివిపెడతామంటే అంతకన్నా మేలు లేదు. మీ డిపార్ట్‌మెంట్ సీనియర్ ఒకరు అదే రంగంలో పనిచేస్తుంటే, ఆ అక్కకో అన్నకో పంపి ‘ఏ వాక్యం దగ్గర నమ్మకం కుదరలేదు’ అని మాత్రమే అడగండి. ‘ఎలా ఉంది’ అని అడిగితే బాగుందనే అంటారు.

ధర విషయంలో, టైపింగ్, ప్రింట్ వరకైతే పదుల రూపాయల్లో తేలుతుంది. రాసిపెట్టడమంటే వందల్లోకి, ప్యాకేజీ అంటే ఇంకా పైకి వెళుతుంది. బేరానికి ముందే మూడు తేల్చుకోండి: మార్పులు ఎన్నిసార్లు చేస్తారు, వర్డ్ ఫైలు ఇస్తారా, ఎంతసేపు పడుతుంది. పీడీఎఫ్ మాత్రమే ఇస్తామంటే వద్దనండి. తర్వాతి కంపెనీకి ఒక పేరా మార్చాలన్నా మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

పని అయ్యాక వాళ్ల సిస్టమ్‌లో తెరిచిన జీమెయిల్, వాట్సాప్ వెబ్ నుంచి లాగవుట్ అవ్వండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మీ రెజ్యూమె, మార్కుల మెమోల స్కాన్‌లు ఉంటే డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. అప్లికేషన్‌ను ఆ కౌంటర్ నుంచి పంపొద్దు. ఇంటికి వచ్చాక పీడీఎఫ్‌ను ఒకసారి ఫోన్‌లో తెరిచి చూడండి, అవతల హెచ్‌ఆర్ కూడా ఫోన్‌లోనే తెరవొచ్చు. మెయిల్‌లో ముందు ఫైలు జతచేసి, తర్వాత బాడీ రాసి, చిరునామాను అన్నిటికన్నా చివర టైప్ చేస్తే సగం రాసిన మెయిల్ పొరపాటున వెళ్లిపోదు.