విండోస్ పీసీలో డాకర్ మీద వెదర్ మోడల్: చాలాకాలం వాడాక

వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్‌ను సొంతంగా కంపైల్ చేసినవాళ్లకు ఆ అవస్థ తెలుసు. నెట్‌సీడీఎఫ్ అనే డేటా ఫైళ్ల లైబ్రరీని ఒక కంపైలర్‌తో, మోడల్‌ను ఇంకోదాంతో బిల్డ్ చేస్తే తీరా లింకింగ్ దగ్గరికొచ్చాక బోర్లా పడుతుంది. ప్రోగ్రామ్‌నూ దానికి కావలసినవాటినీ కంటైనర్ అనే ఒకే పెట్టెలో సర్ది నడిపే డాకర్ ఈ తలనొప్పి మొత్తం తీసేసింది. బదులుగా డిస్క్‌నూ ర్యామ్‌నూ అద్దెగా గుంజుకుంటుంది.

మెషిన్ 16 జీబీ ర్యామ్, ఆరు కోర్లు, విండోస్ 11 హోమ్, విండోస్ లోపల లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్2 మీద డాకర్ డెస్క్‌టాప్. పని: మే నెల సాయంత్రాల్లో హైదరాబాద్ మీద విరుచుకుపడే గాలివానలు, 3 కి.మీ. గ్రిడ్‌లో.

డబ్ల్యూఎస్ఎల్2 దానంతటది ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది, అంటే 8 జీబీ. రన్ మధ్యలో ఆగిపోయి ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే మొదట మెమరీనే అనుమానించండి. యూజర్ ఫోల్డర్‌లోని డాట్ డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ ఫైల్లో మెమరీని 12 జీబీ చేసి, డబ్ల్యూఎస్ఎల్‌ను షట్‌డౌన్ చేసి మళ్లీ లేపాలి.

సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకి ప్రోగ్రామ్ పడిపోవడం) సంగతి వేరు. కంటైనర్‌ను యూలిమిట్ స్టాక్ మైనస్ 1తో, అంటే స్టాక్ మెమరీకి పరిమితి లేకుండా నడపండి. అయినా పడిపోతుంటే మోడల్ రాసే ఆర్‌ఎస్‌ఎల్ ఎర్రర్ లాగ్ ఫైళ్లలో సీఎఫ్‌ఎల్ (లెక్క అదుపు తప్పకుండా ఉండే హద్దు) అన్న మాట వెతకండి. ప్రాసెస్‌కొక ఫైలు ఉంటుంది. చాలామంది 0000 ఒక్కటీ చూసి వదిలేస్తారు. ఆ మాట దొరికిందంటే టైమ్ స్టెప్ (మోడల్ ఒక్కో అడుగులో ముందుకెళ్లే సమయం) ఎక్కువైనట్టే. కిలోమీటరుకు 6 సెకన్ల లెక్కన 18 పెడతాం కదా, 12కు దించండి, చాలాసార్లు గట్టెక్కుతుంది. ఇందులో డాకర్‌ను తిట్టి లాభం లేదు.

అసలు చిరాకు డిస్క్‌తోనే. భౌగోళిక డేటా ఒక్కటే విప్పితే దాదాపు 29 జీబీ. దాన్ని సీ డ్రైవ్‌లో పెట్టి మౌంట్ చేస్తే చదవడం నత్తనడకే. లినక్స్ ఫైల్ సిస్టమ్ లోపలే ఉంచండి. అక్కడ ఇంకో తిరకాసుంది. వర్చువల్ డిస్క్ ఫైలు పెరుగుతుందే గానీ, లోపల ఎంత చెరిపినా దానంతటది తగ్గదు. ముందు వాడనివాటిని తుడిచేసే సిస్టమ్ ప్రూన్ కొట్టండి, డాకర్ డెస్క్‌టాప్ మూసేయండి, డబ్ల్యూఎస్ఎల్ షట్‌డౌన్ చేయండి. తర్వాత విండోస్‌లోని డిస్క్‌పార్ట్‌లో ఆ వీహెచ్‌డీఎక్స్ ఫైలును సెలెక్ట్ చేసి, రీడ్ ఓన్లీగా అటాచ్ చేసి, కాంపాక్ట్, డిటాచ్. జాగ్రత్త: ఫలితాలు కంటైనర్ లోపలే వదిలేసుంటే, ఆగిపోయిన కంటైనర్‌తో పాటు వాటినీ ప్రూన్ ఊడ్చేస్తుంది. అవుట్‌పుట్ ఎప్పుడూ మౌంట్ చేసిన ఫోల్డర్‌లోకే పోవాలి.

గాలివాన మోడల్ నడుస్తుండగా బయట నిజం గాలివానొచ్చి కరెంటు పోవడం ఈ ఊళ్లో మామూలే. మోడల్ సెట్టింగుల ఫైలైన నేమ్‌లిస్ట్‌లో రీస్టార్ట్ ఇంటర్వల్ 360 (నిమిషాలు) పెడితే మోడల్ కాలంలో ఆరు గంటలకోసారి రీస్టార్ట్ ఫైలు పడుతుంది, అక్కడి నుంచి మళ్లీ మొదలెట్టొచ్చు. యూపీఎస్ ఉన్నా ఇది పెట్టండి.

రూట్‌గా (లినక్స్ అడ్మిన్‌గా) నడిపితే కోర్లకు పని పంచే ఓపెన్ ఎంపీఐ మొరాయిస్తుంది, ఫైళ్లన్నీ రూట్ పేరున పడతాయి. మీ యూజర్ ఐడీ ఇచ్చి నడపండి. కంటైనర్‌కు మూసలాంటి ఇమేజ్‌కు లేటెస్ట్ ట్యాగ్ వద్దు. దాని వెనక ఇమేజ్ ఎప్పుడైనా మారొచ్చు, అప్పుడు పాత రన్‌తో అంకెలు కలవవు. ఆ ఇమేజ్‌కే ప్రత్యేకమైన గుర్తు, డైజెస్ట్, రాసిపెట్టుకోండి.

ఇంట్లో వాడుకకు డాకర్ డెస్క్‌టాప్ ఉచితం, పెద్ద కంపెనీలు కట్టాలి. కాలేజీ క్లస్టర్‌లో డాకర్ పెట్టనివ్వకపోతే అదే ఇమేజ్‌ను డాకర్‌లాంటి ఆప్‌టైనర్‌తో నడుపుకోవచ్చు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారుకు వెళ్లి ఒక్కటే కొనగలిగితే, నా ఓటు ర్యామ్‌కన్నా ముందు 1 టీబీ ఎన్‌వీఎంఈ డిస్క్‌కే.