మా అమ్మాయి రైఫిల్‌కి గాలి కొట్టే సామాను: ఏడాది వాడాక

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, పది మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ చేస్తోంది. నిరుడు ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఫైన్‌వెర్క్‌బావ్ 700 రైఫిల్ కొన్నాం. రైఫిల్ గురించి, జాకెట్ గురించి, పెల్లెట్ల (చిన్న గుళ్ల) గురించి చెప్పినవాళ్లు బోలెడుమంది. ఈ రైఫిల్‌లో పెల్లెట్‌ని నెట్టేది దాని సిలిండర్‌లో నింపిన గాలే. ఆ గాలి ఎలా నింపాలో, దానికి ఏమేం కొనాలో విడమరిచి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. షూటింగ్ రేంజ్‌లో పెద్ద గాలి సిలిండర్ ఉంది కానీ, అది ఖాళీ అయిందంటే మళ్లీ నిండి వచ్చేదాకా పిల్లలందరూ ఎదురుచూడాల్సిందే. అందుకే విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఫ్లాట్‌లోనే ఏర్పాటు చేసుకున్నాం. గాలి కొట్టేది నేనే. ఈ ఏడాదిలో నాకు తెలిసింది మరో తల్లికో తండ్రికో పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. కారు టైరులో ఉండేది 30, 35 పీఎస్ఐ. ఈ రైఫిల్ సిలిండర్‌లో నింపేది 200 బార్, అంటే దాదాపు 2,900 పీఎస్ఐ. సైకిల్ పంపుతో, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో అయ్యే పని కాదు. దీనికోసమే తయారైన మూడు దశల హ్యాండ్ పంపు కావాలి, లేదా చిన్న ఎలక్ట్రిక్ కంప్రెసర్, లేదా సముద్రంలో మునిగేవాళ్లు వీపుకు తగిలించుకునే స్కూబా సిలిండర్.

మేం హ్యాండ్ పంపు తీసుకున్నాం, 9,500 రూపాయలు పడింది. వందకు పైగా షాట్లు కొట్టే రోజులు మూడు గడిచేసరికి గేజ్ 100 దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి 200కి తేవడానికి నాకు 110 స్ట్రోకుల దాకా పడుతోంది. 150 దాటాక చేతి బలం చాలదు. మోచేతులు నిటారుగా పెట్టి, ఒంటి బరువంతా పిడి మీద వేసి కిందికి దించాలి. కింద రెండు సెకన్లు ఆపి, మళ్లీ పూర్తిగా పైకి లాగాలి. సగం సగం కొడితే చెమట పడుతుందే గానీ గేజ్ ముల్లు కదలదు. నలభై స్ట్రోకులకోసారి ఆపుతాను. పంపు అడుగుభాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి సీళ్లు పాడవుతాయి. పంపు వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అసలు సంగతి తేమ. ఇది మన విశాఖ వాళ్లు గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం. మొదటి నెల బాల్కనీలో నిలబడి కొట్టేదాన్ని, సముద్రపు గాలి హాయిగా తగిలేది. ఒకరోజు పంపు బ్లీడ్ స్క్రూ (మిగిలిన గాలిని బయటికి వదిలే మర) విప్పేటప్పుడు దాని ముందు ఒక టిష్యూ పేపర్ పట్టుకున్నాను. బుస్సుమని తెల్లగా పొగలాంటిది వచ్చింది. చూస్తే కాగితం మధ్యలో రూపాయి బిళ్లంత మేర తడిసి ముద్దయి, చిరిగిపోయింది. అంచుల్లో సన్నటి నల్లటి మరకలు. ఆ నీళ్లే కొంత రైఫిల్ సిలిండర్‌లోకీ వెళ్తున్నాయని అప్పుడు అర్థమైంది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ముప్పై డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే ఒక ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. 200 సీసీ సిలిండర్‌ని 100 నుంచి 200 బార్‌కి తేవాలంటే బయటి గాలి 20 లీటర్లు దాంట్లోకి తొయ్యాలి. అంటే అర గ్రాము నీరు, దాదాపు పది చుక్కలు. అంత ఒత్తిడిలో ఆవిరి ఆవిరిగా ఉండదు, నీళ్లవుతుంది. కొంత బ్లీడ్‌లో పోతుంది, మిగతాది సిలిండర్‌లో చేరి రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడి అందించే భాగం) దాకా వెళ్తుంది. ఏసీ గదిలో 24 డిగ్రీలు, 50 శాతం తేమ అనుకుంటే అదే ఘనమీటరులో 11 గ్రాములే. అప్పటి నుంచి బెడ్‌రూమ్‌లో అరగంట ముందే ఏసీ వేసి, తలుపు మూసి కొడుతున్నాను. పైసా ఖర్చు లేకుండా నీరు సగానికి పైగా తగ్గింది.

మిగిలిన తేమకు పంపు గాలి పీల్చే చోట తగిలించే డ్రై ఫిల్టర్ కొన్నాం, 1,400 రూపాయలు. లోపల నారింజ రంగు సిలికా జెల్ పూసలుంటాయి. తేమ పట్టేకొద్దీ ఆకుపచ్చకు తిరుగుతాయి. వానాకాలంలో మూడు వారాలకే తిరిగిపోయాయి. వాటిని ఒక పాత మూకుడులో సన్నని సెగ మీద రంగు మళ్లీ వచ్చేదాకా వేయించి వాడుకుంటున్నాను. ఆ మూకుడు వంటకు వాడను. ఫిల్టర్ పెట్టాక టిష్యూ పరీక్ష మళ్లీ చేస్తే కాగితం కాస్త చల్లగా తగిలిందంతే, తడవలేదు. నేను కొన్నవాటిలో డబ్బుకు పూర్తి న్యాయం చేసిన వస్తువు ఇదే.

అడాప్టర్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. రేంజ్‌లోని పెద్ద సిలిండర్‌కి తగిలించుకోవడానికి ఆన్‌లైన్‌లో ఒక డిన్ అడాప్టర్ (పెద్ద సిలిండర్ వాల్వ్‌లో తిప్పి బిగించే జోడింపు) తెప్పించాను. సిలిండర్ వాల్వ్ 300 బార్‌ది, దానికి ఏడు మరలు (స్క్రూ చుట్లు) ఉన్న అడాప్టర్ కావాలి. వాళ్లు పంపింది ఐదు మరలది, 200 బార్ రకం. చివరిదాకా బిగించినా ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) అడుగుకు ఆనదు, గాలి కారిపోతుంది. తప్పు రకం పట్టకూడదనే అలా తయారు చేస్తారట. నేను అడిగింది ఏడు మరలదే అని ఫొటోలతో సహా పంపినా అమ్మినవాళ్లు వాపసు తీసుకోలేదు, 2,200 పోయాయి. ఆర్డర్ పెట్టే ముందు మరల ఫొటో అడిగి, లెక్కపెట్టి మరీ కొనండి.

ఓ-రింగులు ఆటోనగర్‌లో సైజు చూపించి పది తెచ్చాను. సైజు సరిగ్గా సరిపోయింది కానీ రబ్బరు మెత్తన. మూడోసారి నింపేటప్పటికే ఒకదాని అంచు గోరుతో గిల్లినట్టు తెగింది. ఇంత ఒత్తిడికి 90 షోర్ గట్టిదనం ఉన్నవి అడగాలి. వాటికి సిలికోన్ గ్రీజు తప్ప ఇంకేదీ రాయకూడదు. కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తే చాలని ఒకరు చెప్పారు. గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయినప్పుడు పుట్టే వేడికి ఆ నూనె లోపలే అంటుకోగలదు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ పట్టిస్తే తేలికగా అయిపోతుంది కదా అని మా బంధువు ఒకాయన అన్నారు. అది ఇంకా ప్రమాదం. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌కి కాస్త గ్రీజు తగిలినా పేలిపోవచ్చు. దయచేసి ఎవరు చెప్పినా వినకండి.

గొట్టం మాత్రం సొంత గేజ్, సొంత బ్లీడ్ స్క్రూ ఉన్నదే తీసుకోండి. నింపడం అయ్యాక ముందు బ్లీడ్ విప్పి గొట్టంలో గాలి వదిలెయ్యాలి, ఆ తర్వాతే రైఫిల్ సిలిండర్ తిప్పి తీయాలి. గాలి ఉండగా అది చేతికి తిరగదు. తిరగడం లేదు కదా అని పట్టకారు వేశారంటే ఓ-రింగ్ తెగుతుంది. మా పంపు గేజ్, సిలిండర్ గేజ్ ఎప్పుడూ పది బార్ తేడా చూపిస్తాయి. రెండింటిలో ఏది ముందు 200 చూపిస్తే అక్కడ ఆపేస్తాను. పెద్ద సిలిండర్ నుంచి పట్టేటప్పుడు వాల్వ్ వెంట్రుకంత తెరిచి మెల్లగా వదలాలి. గబగబా నింపితే అప్పటికి 200 చూపించినా, సిలిండర్ చల్లారాక 185కి దిగుతుంది.

తోటి షూటర్ వాళ్లు ఎలక్ట్రిక్ కంప్రెసర్ ఒక నెల వాడుకోమని ఇచ్చారు. నాలుగు నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ ఆ చప్పుడుకి కింద ఫ్లాట్‌లో పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తోందని వాళ్లమ్మ వచ్చి చెప్పింది. తేమ గొడవ దానికీ ఉంది. 300 బార్ పట్టే పెద్ద సిలిండర్ల రైఫిళ్లకు అది అవసరమేమో గానీ పది మీటర్ల షూటర్‌కి అక్కర్లేదు. స్కూబా సిలిండర్ కొని రుషికొండ వైపు డైవింగ్ వాళ్ల దగ్గర నింపించుకుందామనీ అనుకున్నాం. హైడ్రో టెస్ట్ (సిలిండర్ ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో నీళ్లతో చూసే పరీక్ష) తేదీలు చూసుకోవడం, లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి ఆ బరువు మొయ్యడం మా వల్ల కాదని వదిలేశాం.

సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొనేవాళ్లు సిలిండర్ మీద తేదీ తప్పకుండా చూడండి. దాని వాడకం గడువు పదేళ్లు. గడువు దాటితే మార్చుకోవాల్సిన బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ నియమాల్లోనే ఉంది. మాకు కొన్న ఆర్నెల్లకు గానీ ఆ సంగతి తెలియలేదు. మా దాని మీద ముద్ర 2017. కొత్తదానికి డబ్బు పక్కన పెడుతున్నాం.