డిసెక్షన్ హాళ్లు చూడాలంటే: పాదువానా, బొలోన్యానా?

ఇటలీ వెళ్తే మనవాళ్లు వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్ చుట్టేసి వచ్చేస్తారు. మెడిసిన్ చదువుతున్న మా చెల్లెలు పట్టుబట్టడంతో మేం పాదువా, బొలోన్యాల్లో కూడా దిగాం. ఒకప్పుడు అందరూ చూస్తుండగా శవాన్ని కోసి పాఠం చెప్పిన హాళ్లు ఈ రెండు ఊళ్లలోనూ ఉన్నాయి.

పాదువా వెనిస్ నుంచి రైల్లో అరగంట. గదులు అక్కడికంటే చవక కాబట్టి ఇక్కడే దిగి, వెనిస్ పగలు చూసి రావడం మేలు. యూనివర్సిటీ పాత భవనం 'పలాజో బో'లో, శరీరశాస్త్ర ప్రొఫెసర్ ఫాబ్రీషియస్ 1595లో కట్టించిన డిసెక్షన్ థియేటర్ ఉంది. గరాటాలా పైకి విచ్చుకునే ఆరు వరసల చెక్క గ్యాలరీలు. కూర్చునే ఏర్పాటే లేదు, కటకటాలకు ఆనుకుని నిలబడి చూడాల్సిందే. రక్తప్రసరణ గుట్టు విప్పిన హార్వే 1602లో ఈ యూనివర్సిటీలోనే డిగ్రీ తీసుకున్నాడు. గైడెడ్ టూర్‌లోనే లోపలికి పంపుతారు, ముందే బుక్ చేసుకోండి. గ్యాలరీలు ఎక్కనివ్వరు. శవాన్ని పెట్టే బల్ల ఉండే చోటికి కింద నిలబడి పైకి చూడటమే. "అన్నయ్యా, ఇప్పుడు బాడీ మనమే" అంది చెల్లెలు.

బొలోన్యాలో ఆ ఇబ్బంది లేదు. అక్కడి యూనివర్సిటీ పాత భవనం ఆర్కిజిన్నాసియోలో 1637 నాటి హాలులోకి మామూలు టికెట్‌తో వెళ్లి చూడొచ్చు. మధ్యలో పాలరాతి బల్ల. ప్రొఫెసర్ పీఠం పైకప్పును మోస్తూ చర్మం ఒలిచేసిన రెండు చెక్క విగ్రహాలు. చెల్లెలు వాటి దగ్గర నిలబడి ఒక్కో కండరం పేరూ చదివేసింది. పైన కూర్చున్న స్త్రీమూర్తికి ఓ బుడతడు అందిస్తున్నది పువ్వనుకున్నా. చూస్తే తొడ ఎముక! గోడ మీద టాల్యకోజ్జి చేతిలో ముక్కు పట్టుకుని నిలబడ్డాడు, ముక్కు తెగినవాళ్లకు చేతి చర్మంతో కొత్త ముక్కు చేసిన సర్జన్ మరి.

ఆ ఎత్తయిన పీఠం ఎందుకంటే, పాతకాలంలో ప్రొఫెసర్ పైన కూర్చుని గ్రంథం చదివేవాడు, కింద మరొకడు కోసేవాడు. 16వ శతాబ్దంలో పాదువాలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పిన వెసాలియస్ ఆ పద్ధతి కాదని తనే కత్తి పట్టాడు. ఫార్మలిన్ లేని రోజులు కదా, శవం నిలవ ఉండాలంటే చలికాలమే గతి. చాలావరకు ఉరితీసిన నేరస్థుల శవాలే. బొలోన్యాలో ఈ పాఠాలు కార్నివాల్ రోజుల్లో పడేవి, ముఖానికి మాస్కులు పెట్టుకుని ఊరి జనం కూడా వచ్చేవారు.

1944 జనవరి బాంబుదాడిలో ఈ హాలు కూలింది. దొరికిన విగ్రహాలతో మళ్లీ కట్టారు. అసలుది కావాలంటే పాదువాయే. ఒక్కటే చూసే వీలుంటే మాత్రం నా ఓటు బొలోన్యాకి.

బొలోన్యాలో ట్రేడ్ ఫెయిర్ తేదీల్లో గదుల రేట్లు మండిపోతాయి. మాకు దొరికింది లిఫ్ట్ లేని మూడో అంతస్తు, ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. పెద్దవాళ్లుంటే ముందే ఫోన్ చేసి అడగండి. శాకాహారులు రికోటా జున్ను కూరిన టోర్టెల్లోని అడగొచ్చు, టోర్టెల్లినిలో మాత్రం మాంసం ఉంటుంది.